సెలవు బారసాలకు దాచుకోకండి, పురుటికే వాడండి

బాబూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ భార్యకు ఇది తొలి కాన్పు. 34 వారాలు నిండాయి, పురుటికని పార్వతీపురం దగ్గర పల్లెలో పుట్టింట్లో ఉంది. హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. మీరు హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగంలో ఉన్నారు, మొత్తం తొమ్మిది రోజులు సెలవు దొరుకుతుంది. కాన్పుకి రెండు రోజులు వెళ్ళొచ్చి, మిగతా ఏడు రోజులు 21వ రోజు బారసాలకు ఉంచుకోవాలనుకుంటున్నారు. ముర్రుపాలు పిండేయాలనీ, బాలింతకు మూడు రోజులు నీళ్ళు తగ్గించాలనీ అమ్మమ్మగారు అంటున్నారు. ఏది వినాలో ఏది వద్దో చెప్పమన్నారు.

నేను ప్రభుత్వ ఆసుపత్రి కాన్పుల గదిలో 27 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాను. మీరు సెలవు సంగతి మాటవరసకి రాశారు గానీ నాకు అన్నిటికంటే అదే ముఖ్యంగా కనిపించింది, అందుకే దానితో మొదలుపెడతాను. ఆ తొమ్మిది రోజులూ పురుటికే వాడండి. బారసాలను దగ్గరలో ఉన్న ఆదివారానికి మార్చమనండి, మంచి ముహూర్తం దొరక్కపోదు.

ఎందుకంటే, నెలలోపు చనిపోయే పసిబిడ్డల్లో నలుగురిలో ముగ్గురు దాకా మొదటి వారంలోనే పోతారు. అందులోనూ మొదటి 24 గంటలు చాలా గడ్డువి. తల్లికి కూడా రక్తం ఎక్కువగా పోయేది బిడ్డ పుట్టిన ఆ మొదటి రోజే. 21వ రోజుకి మీ అత్తగారింట్లో కాలు పెట్టడానికి చోటుండదు, అందరూ ఉంటారు. మూడో రోజు రాత్రి రెండు గంటలకు బిడ్డ పాలు తాగడం మానేస్తే బండి పిలిచే మనిషి, "పొద్దున చూద్దాంలే" అన్నవాళ్ళకి ఎదురుచెప్పే మనిషి ఉండరు. ఆ మనిషి మీరు కావాలి.

ఇక హిమోగ్లోబిన్. 9.2 అంటే మరీ భయపడే అంకె కాదు, కానీ అలా వదిలేసేదీ కాదు. గర్భిణికి 11 ఉండాలి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనతతోనే ఉన్నారు, కాబట్టి "అందరికీ అంతేలే" అనే మాట మీకు వినిపిస్తుంది. కాన్పులో అర లీటరు రక్తం పోతే 12 ఉన్న మనిషి తట్టుకుంటుంది. 9 ఉన్న మనిషికి అంతకంటే తక్కువ పోయినా కళ్ళు తిరిగి పడిపోవచ్చు. ఇంకా ఐదారు వారాలు చేతిలో ఉన్నాయి. ఐరన్ మాత్ర రోజూ వేసుకుంటోందా, లేక వికారం అని డబ్బాలో దాచేస్తోందా, మెల్లగా అడగండి. చాలామంది దాచేస్తారు, తప్పు పట్టకండి. రాత్రి భోజనం అయిన కాసేపటికి నిమ్మరసంతో వేసుకుంటే వికారం తగ్గుతుంది, ఐరన్ కూడా బాగా పడుతుంది. టీతో, కాఫీతో వేసుకోకూడదు. కాల్షియం మాత్రకీ దీనికీ మధ్య కొన్ని గంటలు తేడా ఉండాలి. ఈ వారంలోనే డాక్టరుకి చూపించి, ఇంత తక్కువ సమయంలో మాత్రలు సరిపోతాయా, సెలైన్‌లో ఐరన్ ఎక్కించాలా అని అడగండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు ఉచితంగా పరీక్ష చేసే రోజు ఉంటుంది, అది కూడా వాడుకోవచ్చు. ఆమె బ్లడ్ గ్రూపు మీరు రాయలేదు. నెగెటివ్ అయి, పుట్టిన బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. అది మర్చిపోతే ఇబ్బంది తర్వాతి కాన్పులో వస్తుంది.

కాన్పు ఎక్కడో ముందే తేల్చుకోండి. రక్తం దొరికేది, రాత్రి కూడా ఆపరేషన్ చేయగలిగేది దగ్గర్లో ఏ ఆసుపత్రో కనుక్కోండి. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం అన్నీ ఉచితమే. నొప్పులు వస్తే 108. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ 102. అయినా ఊళ్ళో ఒక ఆటో అతనితో గానీ కారు ఉన్నవాళ్ళతో గానీ ముందే మాట్లాడి నంబరు గోడ మీద రాయించండి. వానకి రోడ్డు తెగే ఊరైతే పదిరోజుల ముందే పట్నంలో చుట్టాలింట్లో ఉంచడం మంచిది. ఉమ్మనీరు పోతే నొప్పులు లేకపోయినా బయల్దేరాలి. రక్తం కనిపించినా, కడుపులో బిడ్డ కదలికలు తగ్గాయనిపించినా అంతే. తొలి కాన్పు కదా, నొప్పులు ముదరనిద్దాం అని ఇంట్లో కూర్చోబెట్టకండి. ఇంకొకటి గట్టిగా చెబుతున్నాను. ఊళ్ళో ఎవరైనా "నొప్పులు తెప్పించే సూది" వేస్తామంటే ఒప్పుకోవద్దు. ఆ మందు ఆసుపత్రిలో చుక్కలు లెక్కపెట్టి ఇచ్చేది. ఇంట్లో ఒక్కసారిగా పొడిస్తే గర్భసంచి చిట్లవచ్చు, లోపల బిడ్డకు ఊపిరి అందకపోవచ్చు.

ఇప్పుడు బిడ్డ పుట్టిన తర్వాతి రెండు గంటలు. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

చాలా ఏళ్ళ క్రితం ఒక రాత్రి. కాన్పు మామూలుగానే అయింది. ఆడపిల్ల, మూడు కిలోలు. బంధువులు పదిమంది బిడ్డ చుట్టూ చేరారు. ఎవరి పోలికో చూసుకుంటున్నారు, ఫోన్లు చేస్తున్నారు. తల్లి మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. "చలేస్తోంది" అంది, ఇంకో దుప్పటి కప్పారు. "దాహం" అంది, పచ్చి బాలింత నీళ్ళు తాగకూడదన్నారు. నేను పక్క గదిలో ఇంకో కాన్పు చూసి వచ్చేసరికి ఆ అమ్మాయి మొహం పాలిపోయి, చెమటలు పట్టి, చేతులు చల్లగా ఉన్నాయి. దుప్పటి తీసి చూస్తే పరుపు మొత్తం తడిసిపోయింది. రక్తం ఎక్కించి, గర్భసంచి గట్టిపడేలా మందులిచ్చి తెల్లారేదాకా పోరాడితే దక్కింది. ఆ తర్వాత 15 ఏళ్ళు పనిచేశాను, కాన్పైన ప్రతి తల్లి దుప్పటీ నా చేత్తో ఎత్తి చూశాకే పక్కకి జరిగేదాన్ని.

చలి, దాహం, కంగారు, గుండె దడ: ఇవి బాలింత మారాం కాదు, లోపల రక్తం తగ్గిపోతోందని ఒళ్ళు చెప్పే మాట. బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లి తొడకు ఒక ఇంజెక్షన్ వేస్తారు, గర్భసంచి ముడుచుకోవడానికి. మాయ పడిన తర్వాత పొట్ట మీద చేయి పెడితే, బొడ్డు దగ్గర గర్భసంచి కొబ్బరికాయలా గట్టిగా తగలాలి. నర్సును అడిగితే చూపిస్తుంది, అడగడానికి మొహమాటపడకండి. మొదటి రెండు గంటలు ఒక మనిషి బిడ్డ దగ్గర ఉంటే ఒక మనిషి తల్లి దగ్గరే ఉండాలి. గంటలోపే ప్యాడ్ నిండా తడిసిపోతున్నా, నిమ్మకాయంత గడ్డలు పడుతున్నా వెంటనే పిలవండి. ఒకసారి చూసి వెళ్ళారు కదా అని ఆగొద్దు, మళ్ళీ పిలవండి. ఇంటికి వచ్చాక కనిపించినా ఇదే లెక్క, 108కి ఫోన్ చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో లక్ష జననాలకు తల్లుల మరణాలు 2018-20 లెక్కల్లో 45కి తగ్గాయి, దేశం మొత్తం మీద అప్పటికి 97. ఆసుపత్రుల్లో కాన్పులు పెరగడం, ఆ ఒక్క ఇంజెక్షన్ వేళకి పడటం, రక్తం అందడం వల్ల ఎంతమంది దక్కారో నేను కళ్ళతో చూశాను.

బిడ్డ సంగతి. పుట్టగానే పొడిగుడ్డతో తుడిచి, బట్టలు లేకుండా తల్లి రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టి, పైన గుడ్డ కప్పాలి. ఏడ్చి ఊపిరి తీసుకున్న బిడ్డకి బొడ్డుతాడు కనీసం నిమిషం ఆగి కోస్తే మాయలో ఉన్న రక్తం కూడా బిడ్డకి చేరుతుంది. గంటలోపు రొమ్ముకి పట్టించాలి. ఆ గంటలో బిడ్డ కళ్ళు తెరిచి చురుగ్గా ఉంటుంది, తర్వాత చాలాసేపు నిద్రపోతుంది. అందుకే ఆ సమయం జారిపోనివ్వకూడదు.

అమ్మమ్మగారితో ముర్రుపాల గురించి ఎలా మాట్లాడాలని అడిగారు. నేనైతే జున్ను గుర్తుచేసేదాన్ని. గేదె ఈనితే మొదటి పాలు ఎంత అపురూపంగా చూసుకుంటామో ఆవిడకి తెలుసు. ఇరుగుపొరుగు గిన్నె పంపిస్తే కాదనకుండా కాస్త పోస్తాం. ఆ పాలు తాగని దూడ బతకడం కష్టమని కూడా ఏ రైతింటి ఆడమనిషికైనా తెలుసు. దూడకి జున్నుపాలు ఎలాగో మన బిడ్డకి ముర్రుపాలు అలాగే అని చెప్పి చూడండి. నేను ఎందరో అమ్మమ్మలతో ఇదే మాట అన్నాను, ఎక్కువమంది ఆలోచనలో పడి ఒప్పుకున్నారు. ఆ పాలు చిక్కగా, పసుపుపచ్చగా ఉంటాయి, చూడ్డానికి చెంచాడే వస్తాయి. మొదటి రోజు బిడ్డ పొట్టకి ఆ చెంచాడే సరిపోతుంది. "పాలు పడలేదు" అని తేనె, పంచదార నీళ్ళు, గాడిద పాలు, ఆముదం ఏదీ నాలుక మీద పెట్టకూడదు. తేనె మరీ ప్రమాదం, ఏడాది లోపు బిడ్డకు అసలు వద్దు. రొమ్ము ఎంత చీకితే పాలు అంత పడతాయి. డబ్బా పాలతో పొట్ట నిండిన బిడ్డ రొమ్ము గట్టిగా చీకదు, దాంతో పాలు నిజంగానే తగ్గిపోతాయి.

సిజేరియన్ అయితే రెండు రోజులు పాలు ఇవ్వకూడదనే మాట కూడా నిజం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం తేలాయి. దేశం మొత్తం తీసుకుంటే 21.5 శాతమే. ఇంతమందికి ఆపరేషన్ అవుతుంటే, ఆ తల్లులందరూ మొదటి పాలు ఇవ్వలేరని వదిలేస్తే ఇక మిగిలేదెవరు? నడుముకి మత్తు ఇచ్చిన తల్లి మెలకువగానే ఉంటుంది. పక్కకి పడుకోబెట్టి బిడ్డను రొమ్ముకి పట్టించడానికి ఒక తోడు మనిషి కావాలి, అంతే. నర్సులు ఒక్కోసారి ముప్పై మంచాలకి ఇద్దరే ఉంటారు. మీరో అత్తయ్యగారో ఆ సాయం చేయండి. పిల్లకి విటమిన్ కె ఇంజెక్షన్, బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు హెపటైటిస్-బి పడ్డాయో లేదో కార్డులో చూసుకుని డిశ్చార్జి అవ్వండి.

ఇక పథ్యం. ఇక్కడ అమ్మమ్మగారితో అన్నిటికీ గొడవపడకండి. ఆవిడ పెట్టే వాటిలో మంచివి చాలా ఉన్నాయి. మిరియాల కారం, వెల్లుల్లి, శొంఠి ఇబ్బంది లేదు. తెలగపిండి మునగాకు కూర, పాలసొర చేప చాలా బలం. ఆ పేర్లు మీరే ఎత్తి, "ఇవి బాగా పెట్టండి అమ్మమ్మా" అనండి. అప్పుడు మిగతా మాట కూడా వింటారు. ఒప్పుకోకూడనివి రెండు: నీళ్ళు తగ్గించడం, రోజుకి ఒక పూటే అన్నం పెట్టడం. పాలిచ్చే తల్లికి మామూలు కంటే రోజుకి సుమారు 600 కేలరీలు అదనంగా కావాలి, అంటే ఇంకో పూట భోజనం. నీళ్ళు తాగితే పొట్ట జారుతుందనీ, కుట్లు చీము పడతాయనీ, బిడ్డకి జలుబు చేస్తుందనీ అంటారు. ఇవేవీ జరగవు. నీళ్ళు తక్కువైతే మూత్రంలో మంట, మలబద్ధకం వస్తాయి. కదలకుండా పడుకోబెట్టి, నీళ్ళు కూడా ఇవ్వకపోతే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. పాలిచ్చే ప్రతిసారీ పక్కన ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళు పెట్టండి. వేడినీళ్ళు కదా అని అమ్మమ్మగారు ఒప్పుకుంటారు. ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పు తర్వాత కూడా ఆరు నెలలు వాడాలి, ఆ డబ్బా అక్కడే పెట్టండి.

ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టి మీరే రాయండి. బిడ్డ ఎన్నిసార్లు పాలు తాగింది, ఎన్నిసార్లు మూత్రం పోసింది, విరేచనం ఏ రంగు. మొదటి రోజు ఒకసారి మూత్రం పోసినా చాలు, తర్వాత రోజురోజుకీ పెరగాలి, ఆరో రోజు నుంచి కనీసం ఆరుసార్లు గుడ్డ తడపాలి. విరేచనం మొదట నల్లగా జిగటగా, తర్వాత ఆకుపచ్చగా, నాలుగైదు రోజులకి పసుపుగా మారుతుంది. ఇది సరిగ్గా నడుస్తుంటే పాలు సరిపోతున్నట్టే. మొదటి రోజుల్లో బిడ్డ బరువు కాస్త తగ్గడం మామూలే, పది నుంచి 14 రోజుల్లో పుట్టిన బరువుకి వచ్చేయాలి. పదిశాతం కంటే ఎక్కువ తగ్గితే చూపించాలి.

కామెర్ల గురించి జాగ్రత్త. రెండో మూడో రోజు మొహం కాస్త పచ్చబడటం చాలామంది బిడ్డల్లో ఉంటుంది, తగ్గిపోతుంది. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, అరచేతులు, అరికాళ్ళు పచ్చగా కనిపించినా, బిడ్డ మగతగా పడి ఉన్నా ఆ రోజే పిల్లల డాక్టరుకి చూపించాలి. ఎండలో పెట్టడం వైద్యం కాదు, పసరు అసలే కాదు. అది ఎక్కువైతే మెదడుకి, చెవులకి దెబ్బ తగులుతుంది. అదే బిడ్డను వేళకి నీలి దీపాల కింద పెడితే రెండు మూడు రోజుల్లో తగ్గి ఇంటికొస్తుంది.

బొడ్డు మీద పసుపు, ఆముదం, బూడిద, పౌడరు ఏమీ వేయకండి. పొడిగా వదిలేస్తే వారం పది రోజుల్లో దానంతట అదే ఊడిపోతుంది. కనీసం మొదటి రోజు స్నానం వద్దు. కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోయడం, నూనె మర్దన బొడ్డు ఊడాక చేసుకోవచ్చు. ముక్కులో, చెవిలో మాత్రం నూనె వేయకూడదు. తలుపులు మూసి గదిలో కుంపటి పెట్టడం, సాంబ్రాణి పొగ వేయడం మానిపించండి. ఆ పొగ అంత చిన్న ఊపిరితిత్తులకి చాలా ఎక్కువ, మూసిన గదిలో బొగ్గుల కుంపటి తల్లికి కూడా ప్రాణాంతకం. వెచ్చదనం కావాలంటే తల్లి ఒంటిని మించింది లేదు.

బిడ్డ రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుడితే ఆ వెచ్చదనమే మందు. కొలంబియా దేశంలో బొగోటా డాక్టర్లు 1970ల చివర్లో, ఇంక్యుబేటర్లు చాలక, బరువు తక్కువ పిల్లలను తల్లుల ఛాతీకి కట్టి పెంచారు. కంగారూ పద్ధతి అంటే అదే. 2021లో వచ్చిన పెద్ద పరిశోధనలో, అందులో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా ఉంది, పుట్టిన వెంటనే ఇలా చేస్తే బరువు తక్కువ పిల్లల మరణాలు నాలుగోవంతు తగ్గాయని తేలింది. ఇది తండ్రి కూడా చేయొచ్చు బాబూ. చొక్కా విప్పి, బిడ్డను ఛాతీకి ఆనించి, పైన దుప్పటి కప్పుకుని గంటలు గంటలు కూర్చోవచ్చు. ఆమె నిద్రపోయే ఆ సమయం మీది. తొమ్మిది రోజుల సెలవుకి ఇంతకంటే మంచి ఖర్చు నాకు తెలియదు.

వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన గుర్తులు ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. బిడ్డ రొమ్ము పట్టకపోవడం, ఒళ్ళు కాలడం లేదా పాదాలు చల్లబడటం, నిమిషానికి 60 సార్లో అంతకంటే ఎక్కువో ఊపిరి తీయడం, డొక్కలు లోపలికి లాగడం, ఫిట్స్, ఆకుపచ్చ వాంతి, బొడ్డు చుట్టూ ఎర్రబడటం. బాలగ్రహం అని తాయెత్తు కట్టిస్తామంటే కట్టించుకోనివ్వండి, బండి ఎక్కాక. తల్లికైతే జ్వరం, కాన్పు తర్వాత పోయే మైల రక్తం దుర్వాసన రావడం, పిక్కలో ఒకవైపే వాపు నొప్పి. కాన్పు అయిపోయింది కదా అని బీపీ మర్చిపోకండి. విపరీతమైన తలనొప్పి, కళ్ళు మసకబారడం, డొక్క పైన నొప్పి వస్తే అది గుర్రపువాతానికి, అంటే బీపీ పెరిగి వచ్చే ఫిట్స్‌కి, ముందు గుర్తు కావచ్చు. కాన్పు తర్వాత ఆరు వారాల దాకా ఇది రావచ్చు.

మూడో నాలుగో రోజు ఆమె ఊరికే ఏడుస్తుంది, చాలామందికి జరుగుతుంది, పక్కన కూర్చోండి. రెండు వారాలు దాటినా ఏడుపు, నిద్ర పట్టకపోవడం, బిడ్డ మీద ఇష్టం లేకపోవడం ఉంటే మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన ఉచిత ఫోన్ సాయం టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తోందనో, బిడ్డకి ఏదైనా చేస్తానేమోననో అంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి. గాలి సోకిందని ఎవరన్నా అంటే వినకండి.

మీరు తిరిగి వెళ్ళాక ఊళ్ళో మీకు పెద్ద దన్ను ఆశా కార్యకర్త. కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి బిడ్డ బరువు, వేడి చూడటం ఆమె పని. ఈ పద్ధతికి పునాది పడింది తెలంగాణ సరిహద్దు అవతల మహారాష్ట్రలోని గడ్చిరోలిలోనే. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ పల్లెటూరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపితే మూడో ఏడాదికి పసిపిల్లల మరణాలు 62 శాతం తగ్గాయి, 1999లో ఆ ఫలితాలు ప్రచురించారు. కాబట్టి ఆశా వస్తే గుమ్మంలోంచి పంపించేయొద్దని అత్తయ్యగారికి చెప్పండి. ఇప్పుడే ఆమె నంబరు తీసుకుని, మీరు ఎవరో పరిచయం చేసుకోండి.

నొప్పులు తేదీ చూసుకుని రావు, 37 వారాలకే రావచ్చు. కంపెనీలో మేనేజర్‌తో సెలవు తేదీలు గట్టిగా పెట్టుకోకుండా, "ఫోన్ రాగానే బయల్దేరతాను" అని మాట తీసుకోండి. హైదరాబాద్ నుంచి రాత్రిపూట ఏ రైలు, ఏ బస్సు దొరుకుతుందో కూడా రాసి పెట్టుకోండి. ఈ వారం డాక్టరు ఏమన్నారో, బ్లడ్ గ్రూపు ఏమిటో ఇక్కడ రాయండి. మూడు వారాల తర్వాత హిమోగ్లోబిన్ మళ్ళీ పరీక్ష చేయించి ఆ అంకె కూడా చెప్పండి, చూస్తాను.